జీర్ణారోగ్యం – ఆహారం

తిన్నది ఒంటబట్టి, మిగిలింది ఏ ఇబ్బందీ లేకుండా బయటికి పోతూ, కడుపు అనేది ఒకటుందన్న సంగతే గుర్తుకు రానంత హాయిగా రోజు గడిస్తే దాన్నే జీర్ణారోగ్యం అంటాం. అజీర్తి, పులితేపులు, గుండెల్లో మంట, కడుపుబ్బరం, మలబద్ధకం, మొలలు మొదలైన బాధల్లో చాలావాటికి రోజూ తినే తిండితో సంబంధం ఉంది. వీటిలో కొన్ని తిండి మార్చుకుంటేనే సర్దుకుంటాయి. కొన్నిటికి మందు తప్పదు. అప్పుడు తిండి ఆ మందుకు తోడుగా పనిచేస్తుంది. తెలుగు ఇళ్ల భోజనాన్ని ముందు పెట్టుకుని చూస్తే పెద్ద లోటు పీచు దగ్గర కనిపిస్తుంది, పెద్ద బలం పెరుగు, మజ్జిగల దగ్గర కనిపిస్తుంది. మార్పు మొదలుపెట్టాల్సింది ఆ లోటు దగ్గరే. అందుకు కావలసిన సరుకులేవీ కొత్తవి కావు, ఒకటి రెండు తరాల కిందటి దాకా ఇళ్లలో ఉన్నవే.

జీర్ణక్రియ తీరు

నమలడంతోనే అరుగుదల మొదలవుతుంది. లాలాజలం పిండిపదార్థాన్ని విడగొట్టడానికి పూనుకుంటుంది. జీర్ణాశయంలో ఆహారం మామూలుగా రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యంగా కదులుతుంది. తర్వాత దాదాపు 6 మీటర్ల పొడవున్న చిన్నపేగులో క్లోమరసం, పైత్యరసం కలిసి మాంసకృత్తులు, కొవ్వులు, పిండిపదార్థాలు అరిగి రక్తంలోకి చేరతాయి. మనిషి దగ్గరున్న ఎంజైములకు లొంగనిదంతా ఒకటిన్నర మీటర్ల పెద్దపేగులోకి వెళ్లి, అక్కడ ఒక రోజో రెండు రోజులో గడుపుతుంది.

పెద్దపేగును వ్యర్థాలు నిలవుండే సంచీగానే చాలాకాలం చూశారు. నిజానికి అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. మనకు అరగని పీచు వాటికి మేత. దాన్ని అవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధానమైన ఇంధనం ఈ బ్యూటిరేటే. పీచు తగ్గితే ఆ కణాలకు అందే ఇంధనమూ తగ్గుతుంది. జీర్ణారోగ్యం గురించి గత యాభై ఏళ్లలో తెలిసిన విషయాల్లో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

పీచులో స్థూలంగా రెండు రకాలు. నీటిలో నాని జిగురుగా మారేది ఒకటి: ఓట్స్, బెండకాయ, పప్పుధాన్యాలు, పళ్లగుజ్జు, ఇసబ్‌గోల్‌లో ఉండేది. నాననిది రెండోది: తవుడు, గింజల పైపొట్టు, ఆకుకూరల ఈనెలు, కాయల తొక్కల్లో ఉండేది. మొదటిది మలాన్ని మెత్తగా ఉంచుతుంది, రెండోది దాని పరిమాణాన్ని పెంచి ముందుకు నెడుతుంది. మొక్కల ఆహారంలో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి వంట చేసేవాళ్లు విడివిడిగా లెక్కలు చూసుకోనక్కర్లేదు.

పీచు ప్రాధాన్యం తెలిసిన తీరు

ఐర్లండుకు చెందిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ ఇరవై ఏళ్లకు దగ్గరగా ఉగాండాలో పనిచేశాడు. బ్రిటన్ ఆస్పత్రుల్లో రోజూ ఎదురయ్యే మలబద్ధకం, మొలలు, పెద్దపేగు క్యాన్సర్, పేగు గోడలో తిత్తులు ఆఫ్రికా పల్లెల్లో అరుదుగా కనిపించడం ఆయన్ను ఆలోచింపజేసింది. తర్వాత ఆయన బృందం ఎక్స్‌రేలో కనిపించే చిన్న గుళికలను మనుషులచేత మింగించి, అవి ఎంతసేపటికి బయటికి వస్తాయో చూసింది, మలాన్ని తూకం వేసింది. 1972లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం ఉగాండా పల్లెవాసుల్లో ఆహారం ఒకటిన్నర రోజులో ప్రయాణం ముగించింది. బ్రిటిష్ నావికుల్లో మూడు రోజులు దాటింది. మలం బరువు పల్లెవాసుల్లో నాలుగు రెట్లకు పైగా ఉంది. ఈ విషయం చెప్పడానికి వైద్యులు మొహమాటపడతారు గానీ, పేగుల స్థితిని మలంకంటే సూటిగా చెప్పగలిగేది ఇంట్లో మరొకటి లేదు.

బర్కిట్ చెప్పినవన్నీ నిలబడలేదు. మొలలకు, పేగు తిత్తులకు కారణాలు ఆయన అనుకున్నంత సరళంగా లేవని తేలింది. మూలసూత్రం మాత్రం నిలిచింది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో పిట్స్‌బర్గ్‌లోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకు, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మందికి రెండు వారాల పాటు తిండి తారుమారు చేశారు. అమెరికన్ల రోజువారీ పీచు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది. రెండే వారాల్లో వాళ్ల పెద్దపేగులో బ్యూటిరేట్ పెరిగి, వాపు లక్షణాలు తగ్గాయి. అమెరికా తిండికి మారిన పల్లెవాసుల్లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. ఏళ్ల తరబడి పాడైన పేగు కూడా తిండి మారితే త్వరగానే స్పందిస్తుందని ఆశ కలిగించే ఫలితమిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద జరిగి, 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 185 పరిశీలనాత్మక అధ్యయనాలను, 58 ప్రయోగాలను కలిపి చూసింది. రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్, గుండెజబ్బు, టైప్-2 మధుమేహం తక్కువగా కనిపించాయి. మన దేశంలో 2000 కిలోకాలరీల భోజనానికి 30 గ్రాముల పీచు ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించాయి. పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2024లో అది విడుదల చేసిన మార్గదర్శకాల్లోని కంచంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు ఉన్నాయి. ఇంత కూర వండుకునే ఇళ్లు మనలో తక్కువ. అన్నం కంచం నిండా, కూర ఓ మూల రెండు చెంచాలు ఉండే అలవాటును తిరగేయాలంటే ముందు వంటింట్లో గిన్నెల పరిమాణం మారాలి.

తెల్లన్నం, జొన్న, రాగి

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టిక తిరగేస్తే మన లోటు ఎక్కడుందో తెలిసిపోతుంది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములకు మించదు. జొన్నలో సుమారు 10, రాగిలో 11, పొట్టుతో ఉన్న పెసలలో 17 గ్రాములుంటుంది. జామపండులో 8 గ్రాములకు పైనే.

రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకునే మనిషికి అన్నం నుంచి 9 గ్రాముల లోపే పీచు అందుతుంది. అందులో వంద గ్రాములు తగ్గించి, రాత్రికి వంద గ్రాముల జొన్నపిండితో రొట్టెలు చేసుకుని, పొద్దున యాభై గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుని, సాయంత్రం ఒక జామపండు తిన్నాడనుకుందాం. ఈ నాలుగిటితోనే 30 గ్రాములు దాటుతుంది. కూరలు, ఆకుకూరలు పైలెక్క. ఇందులో పట్నం దుకాణంలో ఖరీదైన డబ్బాగా కొనాల్సింది ఒక్కటీ లేదు.

రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం, తెలంగాణలో జొన్నరొట్టె, గటక, ఉత్తరాంధ్రలో చోడి అంబలి చాలామందికి రోజువారీ తిండిగా ఉండేవి. సాగునీటి వసతితో వరి విస్తరించడం, మిల్లులు రావడం, 1983లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభం కావడం, అన్నం తినడమే గౌరవమన్న భావన – అన్నీ కలిసి చిరుధాన్యాలను వెనక్కి నెట్టాయి. ఆ పథకం పేదల ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే కడుపు నిండిన చోటే పీచు తరిగిపోయింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, సామలు, అండుకొర్రలు మళ్లీ అంగళ్లలోకి వచ్చాయి. వాటిని సర్వరోగ నివారిణులుగా ప్రచారం చేయడం మాత్రం తప్పు. బాగా పాలిష్ పట్టిన కొర్రలకు, తెల్లబియ్యానికి పీచు విషయంలో తేడా తగ్గిపోతుంది. కొనేటప్పుడు గింజ రంగు చూసుకోవాలి.

మార్పు మెల్లగా జరగాలి. ఇన్నాళ్లూ పది పన్నెండు గ్రాముల పీచుకు అలవాటుపడిన పేగులో ఒక్కసారిగా ముప్పై గ్రాములు పడితే ఉబ్బరం, గ్యాస్, మెలిపెట్టే నొప్పి వస్తాయి. "జొన్నరొట్టె నాకు పడలేదు" అని మూడో రోజే మానేసేవాళ్లలో చాలామందికి పడనిది జొన్న కాదు, ఆ తొందర. వారానికి నాలుగైదు గ్రాముల చొప్పున, అంటే ఒక రొట్టో ఒక పండో పెంచుకుంటూ పోతే సూక్ష్మజీవులు సర్దుకుంటాయి. నీళ్లూ అదే లెక్కన పెరగాలి. నీళ్లు చాలకుండా పీచు పెంచితే మలబద్ధకం ఇంకా ముదురుతుంది.

తిండితో సరిపోనప్పుడు ఇసబ్‌గోల్ పొట్టు మంచి సాయం. గుజరాత్‌లోని ఊంఝా మార్కెట్ దీని వ్యాపారానికి పేరుపొందింది, ప్రపంచానికి దీన్ని ఎక్కువగా అందించేది మన దేశమే. ఒకటి రెండు చెంచాలను నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదముంది. మింగడం కష్టమైన ముసలివాళ్లకు ఇవ్వకూడదు.

పప్పులు, గ్యాస్

కందిపప్పు, శనగలు, ఉలవలు, బొబ్బర్లు, రాజ్మా తింటే గ్యాస్ రావడానికి కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వీటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. పెద్దపేగు బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు వాయువు పుడుతుంది. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్తనీళ్లలో మెత్తగా ఉడికిస్తే ఈ చక్కెరల్లో చాలా భాగం పోతుంది. మొలకెత్తించినా తగ్గుతాయి, అయితే పచ్చి మొలకల కంటే ఉడికించినవి కడుపుకు సుఖం. ఉలవలతో చారు కాచే ఇళ్లలో ఉడికించిన నీళ్లే చారుకు వాడతారు కాబట్టి నానబెట్టిన నీళ్లనైనా పారబోయడం మంచిది. పోపులో ఇంగువ, వాము, జీలకర్ర వేసే ఆచారం ఈ ఇబ్బంది నుంచే పుట్టి ఉండవచ్చు. వీటితో కొందరికి ఉపశమనం కలుగుతుంది, హాని లేదు.

గ్యాస్ వస్తోందని పప్పు మొత్తానికే మానేయడం నష్టం. ముఖ్యంగా శాకాహారులకు మాంసకృత్తులకు, పీచుకు రెంటికీ ఆధారం అదే. పొట్టు తీసిన పెసరపప్పుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

పెరుగు, మజ్జిగ, తరవాణి

పులిసిన పాలలోని బ్యాక్టీరియా ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న వాదనను శాస్త్రవేత్తల్లో ప్రచారంలోకి తెచ్చినవాడు పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఇల్యా మెచ్నికోవ్. బల్గేరియా రైతుల దీర్ఘాయుష్షుకు వాళ్లు తినే పుల్లని పెరుగు కారణమని ఆయన భావించాడు. 1908లో నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. పెరుగు సిద్ధాంతం చాలాకాలం ఊహగానే మిగిలింది. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మంది ఆరోగ్యవంతుల మీద పది వారాలు పరీక్షించి చూశారు. పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవాళ్లలో పేగు సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, వాపును సూచించే 19 రకాల ప్రొటీన్లు తగ్గాయి. ఇది చిన్న ప్రయోగమే. అయినా భోజనం చివర పెరుగన్నం లేనిదే లేవని తెలుగువాళ్లకు ధైర్యమిచ్చే ఫలితం.

పెరుగుకు ఇంకో మేలు ఉంది. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించుకునే శక్తి చాలామందిలో తగ్గుతుంది. 1981లో వెలువడిన అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవాళ్లలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువమందికి, హైదరాబాదు, పాండిచ్చేరిలో మూడింట రెండొంతుల మందికి ఈ ఇబ్బంది ఉన్నట్లు తేలింది. గ్లాసెడు పాలు తాగితే కడుపు గడబిడ చేసేవాళ్లు కూడా పెరుగును తట్టుకుంటారు. తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమునూ తనతో తెస్తుంది. పాలు పడవని తెలిసినవాళ్లు కాల్షియం కోసం మజ్జిగను, పెరుగును నమ్ముకోవచ్చు.

కోస్తా పల్లెల్లో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజిని, బియ్యం కడిగిన నీళ్లను అందులో పోసి పులియనిచ్చేవారు. రాత్రి మిగిలిన అన్నాన్ని ఆ పుల్లనీళ్లలో నానేసి, పొద్దున ఉప్పు కలుపుకుని, నీరుల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకుని తినేవారు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత అరగని రూపానికి మారి పీచులాగా పెద్దపేగుకు చేరుతుంది. పులుపు చెడు బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది. పులుపు లేకుండా ఉత్తినే బయట వదిలేసిన అన్నం విషయంలో జాగ్రత్త అవసరం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా అందులో పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వేసవిలో చద్దన్నం తినదలచినవాళ్లు అన్నం చల్లారగానే మజ్జిగలో వేయడమో ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి.

ఇడ్లీ, దోసె పిండిలో పులియడం వల్ల గింజల్లోని ఫైటేట్ తగ్గి ఇనుము, జింకు మెరుగ్గా ఒంటబడతాయి. ఉడికాక బ్యాక్టీరియా బతకదు కాబట్టి ఇడ్లీని పెరుగుతో సమానంగా లెక్కించలేం. ఆవకాయ, మాగాయ ఉప్పు, నూనెల బలంతో నిలవుండేవి. రుచికి వేలితో అద్దుకోవడం వేరు, కూరకు బదులు వాటితోనే ముద్దలు కలపడం వేరు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు రెండో పద్ధతిలో ఇట్టే దాటిపోతుంది.

మంట, కారం

గుండెల్లో మంట జీర్ణాశయ ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వస్తుంది. ఇందులో ఏం తిన్నామన్నదాని కంటే ఎంత, ఎప్పుడు అన్నదానికి ప్రాధాన్యం ఎక్కువ. రాత్రి పదింటికి బిర్యానీ తిని పదిన్నరకు పడుకోవడం దీన్ని కోరి తెచ్చుకోవడమే. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటల ఎడం, చిన్న పరిమాణంలో రాత్రి భోజనం, వేపుళ్ల తగ్గింపు, పొట్ట దగ్గర బరువు తగ్గడం బాగా పనిచేస్తాయి. మంటకు చల్లని పాలు తాగడం అప్పటికి హాయిగా ఉన్నా, కాసేపటికి ఆమ్లాన్ని మరింత ఊరిస్తుంది.

కారం వల్ల కడుపులో పుండు పడుతుందన్నది పాతకాలపు నమ్మకం. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియానే అసలు దోషి అని చూపించి 2005లో నోబెల్ అందుకున్నారు. నొప్పిమాత్రల అతివాడకం రెండో పెద్ద కారణం. కారం పుండును పుట్టించదు, ఉన్న పుండును, మంటను రెచ్చగొట్టగలదు. గుంటూరు కారానికి అలవాటుపడినవాళ్లు చప్పిడి తిండితో పుండు మాన్పుకోవాలని నెలల తరబడి చూసేకంటే ఆ బ్యాక్టీరియాకు పరీక్ష చేయించుకుని, కోర్సు మందులు వాడడం మేలు.

ఒంటికి సరిపడని ఆహారం

ఒకరికి మందులా పనిచేసే తిండి ఇంకొకరికి బాధ కావచ్చు. కడుపునొప్పి, ఉబ్బరం, ఒకరోజు మలబద్ధకం, ఒకరోజు విరేచనాలు కలగలిసిన ఐబీఎస్ అనే స్థితిలో పీచు విచ్చలవిడిగా పెంచితే బాధ పెరగొచ్చు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ బృందం రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి వీళ్లకు ఉపకరిస్తుంది. త్వరగా పులిసే చక్కెరలున్న ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, కొన్ని పప్పులు, మామిడి వంటివి రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది పడదో తెలుసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి లేని తెలుగు వంట కష్టమేమీ కాదు. చాలా ఇళ్లలో పండగనాడు చేసేది అదే. ఇది జీవితాంతం చేసే పథ్యం కాదు. తిరిగి మొదలుపెట్టే దశను వదిలేసి అన్నీ మానుకుంటూ పోయేవాళ్లు పోషకాలతో పాటు మంచి సూక్ష్మజీవులనూ పోగొట్టుకుంటారు. ఆహార నిపుణుల పర్యవేక్షణలో చేయడం మేలు.

తిన్నది ఒంటబట్టకపోవడం ప్రాణాంతకంగా ఉండేదని చెప్పడానికి మన చరిత్రలోనే సాక్ష్యముంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. ఆయనకూ అది సోకింది, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది అద్భుతంగా పనిచేసింది. ఫోలేట్ సహజంగా దొరికేది ఆకుకూరల్లో, పప్పుల్లో.

విరేచనాలు

విరేచనాలప్పుడు పస్తుంచడం, ముఖ్యంగా పిల్లల్ని, ప్రమాదకరం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణాన్ని నోటిద్వారా ఇచ్చి కలరా మరణాలను అమాంతం తగ్గించారు. అలాంటి ద్రావణానికి వాడే ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిమీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. పలచనైనా చిక్కనైనా ప్రయోజనం దెబ్బతింటుంది. గంజి, మజ్జిగ, మెత్తటి అన్నం, పెసరకట్టు, అరటిపండు కొనసాగించాలి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు జింకు మాత్రలు 10 నుంచి 14 రోజులు వాడాలి. కూల్‌డ్రింకులు, డబ్బా పళ్లరసాలు చక్కెర ఎక్కువై విరేచనాలను పెంచుతాయి.

వైద్య పరీక్ష ఎప్పుడు

మలంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, మింగడంలో అడ్డు, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, నలభై ఐదు దాటాక మలవిసర్జన అలవాటులో కొత్తగా వచ్చి వారాల తరబడి నిలిచిన మార్పు – ఇవి తిండి మార్చి చూద్దామని వాయిదా వేసే లక్షణాలు కావు. మొలలేనని అనుకుని రక్తాన్ని ఏళ్లతరబడి పట్టించుకోక, పెద్దపేగు క్యాన్సర్ ముదిరాక వచ్చే రోగులు ఇప్పటికీ ఉన్నారు. గోధుమ పడక వచ్చే సీలియాక్ వ్యాధిని అనుమానించినప్పుడు కూడా ముందు పరీక్ష, తర్వాతే పథ్యం. రక్తంలో వెతికే ప్రతిరక్షకాలు గోధుమ తింటున్నంతకాలమే స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి, ముందే మానేసి వెళితే జబ్బు ఉన్నా లేదని తేలవచ్చు.